రెండవ పోగు

(బి.ఎస్సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గ మిత్రులు అడిగినప్పుడు, ఫ్యూజు తీగ గురించి రాస్తానన్నాను. వాళ్ళు నవ్వారు. "కవితలున్నాయి, కథలున్నాయి, వరకట్నం మీద రెండు వ్యాసాలున్నాయి. మధ్యలో నీ ఫ్యూజేమిటి?" అన్నారు. నవ్వినా చోటిచ్చారు. వారికి కృతజ్ఞుణ్ణి.

ఇది పరీక్షల కోసం చదివే పాఠం కాదు. ఒక తప్పుకి నేను చెప్పుకుంటున్న సంజాయిషీ. ఆ తప్పు నాదే అయినా, నాలాంటి చదువు చదివే అందరూ చేయగలిగినది కనుక నలుగురి ముందూ పెడుతున్నాను.

మాది పల్నాడు ప్రాంతంలో వ్యవసాయ కుటుంబం. మిరప, పత్తి వేస్తాం. నీటికి బోరే ఆధారం. బోరులో 5 హార్స్‌పవర్ సబ్‌మెర్సిబుల్ మోటారు ఉంది. గట్టు మీద రేకు పెట్టెలో స్టార్టరు, దాని పక్కన మూడు ఫేజులకీ మూడు పింగాణీ ఫ్యూజులు. వాటినే బజారులో కిట్‌కాట్ అంటారు. మా ఊళ్ళో ఎవరూ ఫ్యూజు అనరు, ఫీజు అనే అంటారు. నేను కూడా ఈ కాలేజీకి వచ్చేదాకా ఫీజు అనే అన్నాను.

నేను రెండవ సంవత్సరంలో ఉండగా సెలవులకు ఇంటికి వెళ్ళాను. తోట పూత మీద ఉంది. ఓల్టేజీ బాగా తక్కువగా వస్తోంది. మోటారు అంకెకు రావడానికి మామూలుకంటే ఎక్కువసేపు పడుతోంది, ఈలోగా ఏదో ఒక ఫేజులో ఫీజు కొట్టేస్తోంది. నాన్న రోజుకి నాలుగైదుసార్లు పొలానికి పరుగెత్తి తీగ మార్చి వస్తున్నాడు. ఒక రాత్రి అన్నం తింటూ నన్నడిగాడు: "ఏరా, రెండు పోగులు మెలేసి పెడితే ఏవన్నా అవుద్దా? సైన్సు చదువుతున్నావుగా, చెప్పు."

"ఏం కాదు నాన్నా. రెండూ సమాంతరంగా ఉంటాయి. కరెంటు చెరిసగం పంచుకుంటాయి. ఒక్కోదాని మీద బరువు తగ్గుతుంది" అన్నాను.

అన్నం కలిపే చెయ్యి ఆపి అమ్మ నా వంక చూసింది. ఆ చూపులో ఉన్న గర్వం నాకింకా గుర్తుంది.

మర్నాడు నాన్న మూడింటిలోనూ రెండేసి పోగులు వేశాడు. మోటారు నిక్షేపంగా నడిచింది. మూడు రోజులు ఫీజు మాటే లేదు. నాలుగోనాటి రాత్రి గాలిదుమారం వచ్చింది, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫేజు పోయింది. తెల్లవారుజామున కరెంటు వచ్చినప్పుడు రెండు ఫేజులే వచ్చాయి. మాది ఆటో స్టార్టరు, కరెంటు రాగానే దానంతటదే ఎత్తుకుంటుంది. ఎత్తుకుంది. రెండు ఫేజులతో మోటారు తిరగలేదు. తిరగని మోటారు కరెంటు మాత్రం లాగుతూనే ఉంటుంది. గట్టు మీద ఎవరూ లేరు. ఫీజులు రెండూ చెక్కు చెదరలేదు. మేం వెళ్ళేసరికి బోరులో మోటారు పనైపోయింది.

పైపులు ఒక్కొక్కటీ విప్పి మోటారుని బయటికి తీశారు. మెకానిక్కు మూత ఊడదీసి, నల్లగా మాడిన వైండింగు చూపించి, ఫీజు పెట్టె దగ్గరికి నడిచాడు. కిట్‌కాట్ లాగి రెండు పోగుల్నీ వేలితో తడిమి, "ఎవరేశారు ఇది?" అన్నాడు. నాన్న "నేనే" అన్నాడు. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. మోటారు తిరిగొచ్చేసరికి తోటకి మూడు తడులు తప్పాయి. పూత ఎంత రాలిందో రైతు బిడ్డలకు చెప్పనక్కరలేదు.

ఇక శాస్త్రానికి వద్దాం.

నేను నాన్నకి చెప్పిన జవాబులో సమీకరణం తప్పు కాదు. రెండు సమాన నిరోధాలు సమాంతరంగా ఉంటే కరెంటు చెరిసగం పంచుకుంటాయి. ఇది ఇంటర్మీడియట్ పాఠమే. తప్పు ఎక్కడుందంటే, నేను ఫ్యూజుని ఒక నిరోధంగా చూశాను. నిరోధం పని కరెంటుని మోయడం. ఫ్యూజు పని మోయడం కాదు, సమయానికి చచ్చిపోవడం. "మోస్తుందా?" అని అడిగి ఊరుకున్నాను. "చావవలసినప్పుడు చస్తుందా?" అని అడగలేదు.

కాలేజీకి తిరిగి వచ్చాక ఒక లెక్చరరుగారికి జరిగింది చెప్పాను. ఆయన మందలించలేదు. "ప్రయోగశాల ఉంది, చేసి చూడు" అన్నారు. 12 ఓల్టుల బ్యాటరీ, రియోస్టాటు, అమ్మీటరు పెట్టుకుని నేనూ ఇద్దరు మిత్రులూ ఒక సాయంత్రం కూర్చున్నాం. మామూలు వైరు ఒలిచి, 0.2 మిల్లీమీటరు మందం ఉన్న రాగి పోగులు తీశాం. ఒక్క పోగు సుమారు 7 ఆంపియర్ల దగ్గర ఎర్రబడి తెగింది. రెండు పోగులు వేలెడు దూరంలో విడివిడిగా కడితే 14 దాకా ఆగాయి. అవే రెండు పోగులు మెలిపెట్టి కడితే 12, 13 మధ్య తెగిపోయాయి. మా కొలతలు ముతకవే. కాని తేడా స్పష్టంగా కనిపించింది.

ఈ తేడా ఎందుకో వంద సంవత్సరాల పైబడి తెలిసిన సంగతే. బ్రిటిష్ తపాలా శాఖలో ఇంజనీరు ప్రీస్ 1880లలో తీగలు కరిగే కరెంటు మీద ప్రయోగాలు చేసి ఒక సూత్రం ఇచ్చాడు. తీగ కరిగే కరెంటు దాని వ్యాసం యొక్క ఒకటిన్నరవ ఘాతానికి అనులోమంగా ఉంటుంది. రాగికి, వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుంటే, స్థిరాంకం 80. దీని వెనుక ఉన్న తర్కం సులభం. పుట్టే వేడి తీగ అడ్డుకోత వైశాల్యం మీద ఆధారపడుతుంది, పోయే వేడి తీగ ఉపరితలం మీద ఆధారపడుతుంది. రెండు పోగులు దూరంగా ఉంటే దేని ఉపరితలం దానిదే, అందుచేత రెట్టింపు మోస్తాయి. కలిపి ఒకే లావు తీగ చేస్తే రాగి రెట్టింపు అయినా ఉపరితలం రెట్టింపు కాదు. అప్పుడు మోసేది 1.68 రెట్లే. మెలిపెట్టిన పోగులు ఈ రెండింటి నడుమ ఎక్కడో ఉంటాయి. ఎక్కడ అన్నది మెలిక బిగుతును బట్టి, తీగ పొడవును బట్టి, పింగాణీ గాడిని బట్టి మారుతుంది. అంటే రెండు పోగులు మెలేసిన మనిషికి తాను ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేశాడో తనకే తెలియదు. ఇది మొదటి సంగతి.

ఇప్పుడు మా మోటారు లెక్క చూడండి. 5 హార్స్‌పవర్ మూడు ఫేజుల మోటారు నిండు బరువు మీద ఫేజుకి సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్టు చేస్తే మొదటి క్షణాల్లో దానికి ఆరు రెట్లు, అంటే 45 దాకా లాగుతుంది. ఒక ఫేజు లేకుండా తిరగక నిలబడిపోతే మిగిలిన రెండు ఫేజుల్లో 39 దాకా ప్రవహిస్తుంది, అదీ ఆగకుండా. ఇవి నిండు ఓల్టేజీ మీద లెక్కలు, ఓల్టేజీ తగ్గితే అంకెలూ కొంత తగ్గుతాయి. మా కిట్‌కాట్‌లో నాన్న మొదట వేసింది 25 గేజి రాగి తీగ. దాని వ్యాసం అర మిల్లీమీటరు పైచిలుకు. ప్రీస్ సూత్రం ప్రకారం అది సుమారు 29 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. 39 ఆంపియర్లు ఆగకుండా పోతే తెగి తీరవలసిందే. రెండు పోగులైతే? ఒకే లావు తీగగా లెక్కించినా 49, విడివిడిగా లెక్కిస్తే 58. ఎటు చూసినా 39కి పైనే. మా మోటారు మాడుతున్నంతసేపూ ఆ రెండు పోగులు హాయిగా ఉన్నాయి. నేను చెప్పినట్టే కరెంటుని చెరిసగం పంచుకుంటూ ఉన్నాయి.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. మోటారుని అధికభారం నుండి కాపాడే అసలు బాధ్యత ఫ్యూజుది కాదు, స్టార్టరులో ఉండే ఓవర్‌లోడ్ రిలేది. స్టార్టింగు కరెంటుని భరించాలి గనుక ఫ్యూజు కొంచెం లావుగానే ఉండాలి. రిలే బాగుంటే రెండవ పోగు వల్ల మా మోటారు కాలేది కాదేమో. కాని ఓల్టేజీ తగ్గినప్పుడల్లా రిలే కొట్టేస్తోందని అంతకు ముందు ఏడే దాన్ని తప్పించి డైరెక్టు చేయించారు. కాపలా ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకడిని ముందే పంపించేశాం. రెండోవాడికి నా సలహాతో నిద్రమాత్ర వేశాం.

రెండవ సంగతి కాలానికి సంబంధించింది. షార్టు సర్క్యూటు వంటి పెద్ద ప్రమాదంలో తీగ క్షణంలో కరగాలి. అంత తక్కువ వ్యవధిలో వేడి బయటికి పోదు, పుట్టిన వేడంతా తీగలోనే ఉంటుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పుడుతుంది. రెండు పోగులుంటే ఒక్కోదానిలో సగం కరెంటు, సగానికి వర్గం పావు. అంటే అదే ప్రమాదపు కరెంటుకి రెండు పోగులు కరగడానికి పట్టే కాలం రెండింతలు కాదు, నాలుగింతలు. మూడు పోగులైతే తొమ్మిదింతలు. ఆ కాలమంతా వెనుకనున్న వైరూ, స్టార్టరూ, స్విచ్చి మీద చెయ్యి వేసిన మనిషీ ఆ వేడినీ ఆ ప్రమాదాన్నీ భరించాలి. మనవాళ్ళు పోగులు లెక్కపెట్టేది ఒకటి, రెండు, మూడు అని. ప్రమాదం లెక్కపెట్టేది ఒకటి, నాలుగు, తొమ్మిది అని.

మూడవది, ఆ "చెరిసగం" అన్న మాట. అది కాగితం మీద నిజం. రెండు పోగులూ ఒకే చుట్టలోవి, ఒకే పొడవువి, రెండు కొసలూ ఒకే బిగువుతో స్క్రూ కింద ఉంటేనే అది నిజం. ఫ్యూజు తీగ నిరోధం చాలా స్వల్పం, మిల్లీ ఓముల్లో ఉంటుంది. అంత స్వల్పమైన చోట స్క్రూ దగ్గరి తుప్పు, చిలుము, దుమ్ము కూడా పెద్ద లెక్కలోకి వస్తాయి. 10 ఆంపియర్ల ఫ్యూజులు రెండు పక్కపక్కన పెట్టి 16 ఆంపియర్ల బరువు వేశామనుకోండి. ఒక దారి నిరోధం 4 మిల్లీ ఓములు, రెండో దారిలో క్లిప్పు వదులై 12 మిల్లీ ఓములు. అప్పుడు మొదటిదానిలో 12 ఆంపియర్లు, రెండోదానిలో 4. ఇరవై దాకా మోస్తాయనుకున్న జంటలో పదహారుకే ఒకటి తన హద్దు దాటేసింది.

కాడికి రెండు ఎడ్లు కట్టినవాడికి ఇది వేరే చెప్పాలా? రెండూ సమానంగా లాగుతాయని ఏ రైతూ అనుకోడు. మొండి ఎద్దు వెనకబడితే బరువంతా మంచి ఎద్దు మెడ మీదే. అది కూలబడితే మరుక్షణం మొత్తం బండి రెండోదాని మీద పడుతుంది, ఆ పైన అదీ కూలుతుంది. సమాంతరంగా ఉన్న ఫ్యూజుల కథ అచ్చంగా ఇదే. నిరోధం తక్కువగా ఉన్నది ఎక్కువ మోసి ముందు పోతుంది. దాని వాటా కూడా రెండోదాని మీద పడి అదీ పోతుంది. మా ప్రయోగంలో ఒక స్క్రూ కావాలనే వదులుగా ఉంచి చూశాం. బిగుతుగా ఉన్న పోగు ముందు తెగింది. రెండోది "అరే" అనేలోపే తెగింది.

న్యాయంగా చెప్పాలంటే ప్రకృతి ఇక్కడ కొంత సర్దుబాటు చేస్తుంది. రాగి వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. ఎక్కువ మోస్తున్న పోగు ఎక్కువ వేడెక్కి, నిరోధం పెరిగి, తన బరువులో కొంత రెండోదానికి నెడుతుంది. మనుషుల్లో ఇంతపాటి సర్దుబాటు లేదుగదా అని నాకు అనిపించింది. అయితే ఈ సర్దుబాటు తీగ వేడికే గాని స్క్రూ తుప్పుకి మందు కాదు.

నాలుగవ సంగతి చివరి పోగుది. ఫ్యూజు కరగడంతో పని అయిపోదు. కరిగిన చోట మెరుపు లాంటి ఆర్కు పుడుతుంది, దాన్ని ఆర్పగలగాలి. రెండు ఫ్యూజులు పక్కపక్కన ఉన్నాయి కదా, ఆర్పే శక్తీ రెట్టింపు అవుతుందనుకుంటే పొరపాటు. రెండు ఆర్కులు పక్కపక్కన నిలకడగా ఉండలేవు. ఒకటి ఆరిపోతే దాని కరెంటంతా రెండోదానికి మళ్ళుతుంది. అంటే మొత్తం ప్రమాదాన్ని తెంచవలసిన భారం చివరికి ఒక్కదానిదే. ఇసుక నింపిన హెచ్.ఆర్.సి. ఫ్యూజులు ఈ భారం కోసమే పుట్టినవి. తెరిచిన పింగాణీ గాడిలో పెట్టిన పోగు దీనికి పుట్టలేదు.

అన్నిటికంటె భయంకరమైనది ఐదవది, అతి సామాన్యమైనది. ఒకే లైనులో రెండు ఫ్యూజులు పక్కపక్కన పెట్టినచోట ఒకటి లాగినంత మాత్రాన కరెంటు పోదు. రెండోదాని గుండా వస్తూనే ఉంటుంది. "ఫీజు లాగాను, పర్లేదు" అని వైరు పట్టుకున్నవాడి గతి ఏమిటి? అలాగే ఒకటి ఎప్పుడో పోయి ఉంటుంది, టెస్టరు పెడితే రెండు పక్కలా వెలుగుతుంది, రెండోది పనిచేస్తోంది గనుక. పోయిందని ఎవరికీ తెలియదు. ఒంటి ఎద్దు బండి లాగుతున్న సంగతి బండివాడికి తెలియకపోవడమంటే ఇదే.

మరి సమాంతర ఫ్యూజులు ఎక్కడా వాడరా అంటే వాడతారు. పెద్ద పెద్ద రెక్టిఫయర్లలో సెమీకండక్టర్లను కాపాడే ఫ్యూజులు జంటలుగా వస్తాయి. కాని వాటిని తయారుచేసే చోటే ఒకే రకానివి, నిరోధాలు సరిపోలినవి ఏరి, రెండు వైపులా సమానమైన రాగి పట్టీలకు బిగించి, జంటగానే పరీక్షించి పంపుతారు. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళిలో ఫ్యూజులను సమాంతరంగా పెట్టడం ఫ్యాక్టరీలో అలా కూర్చి ఒకే యూనిట్‌గా ఆమోదం పొందినవాటికే అనుమతించారు. కనుక సూత్రం చెడ్డది కాదు. దాన్ని గట్టు మీద, చీకట్లో, ఒలిచిన వైరుతో చేయడమే చెడ్డది.

ఇంతవరకు చదివిన మిత్రులు కొందరు "రైతులకు విజ్ఞానం లేదు, అందుకే ఇలా" అని తేల్చేస్తారని నాకు తెలుసు. ఆ మాట వినే ఈ వ్యాసం రాయాలనిపించింది. ఆ మాట నేను ఒప్పుకోను.

మా నాన్నకి విజ్ఞానం లేక పోగు వేయలేదు. అడిగి వేశాడు. విజ్ఞానం ఉందనుకున్నవాణ్ణే అడిగి వేశాడు. ఆయన దగ్గర ఒక లెక్క ఉంది: తడి తప్పితే పూత రాలుతుంది. రోజుకి ఐదుసార్లు ఫీజు పోతే తడి తప్పుతుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. తక్కువ ఓల్టేజీ ఎందుకొచ్చిందన్నది ఆయన చేతిలో లేదు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఫేజుకి సుమారు 33 ఆంపియర్లు ఇవ్వగలదు. 5 హార్స్‌పవర్ మోటార్లు నాలుగైతే 30. ఐదోది తగిలిస్తే 37 దాటుతుంది. ఐదోదీ ఆరోదీ ఎలా వచ్చాయో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫీజు పోతుంది. ఎవరో ఒకరు కర్రతో, చెప్పులతో, దేవుడిమీద భారంతో వెళ్ళి అక్కడ కూడా ఒక పోగు చేరుస్తారు. అలా వెళ్ళి తిరిగి రానివాళ్ళున్నారు. పల్లెల నుండి వచ్చినవారికి తలా ఒక పేరైనా గుర్తుంటుంది.

పోగు చేర్చినంత మాత్రాన బరువు తగ్గదు. పోగు బరువుని మాయం చేయదు, వెనక్కి నెడుతుంది. గట్టు మీది ఫీజు మోయననుకున్నది మోటారు మీద పడుతుంది. స్తంభం దగ్గరి ఫీజు మోయననుకున్నది ట్రాన్స్‌ఫార్మరు మీద పడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు కాలిన నాడు పోగు వేసినవాడి పొలమే కాదు, ఏ తప్పూ చేయని పక్కవాడి పొలమూ ఎండుతుంది. నా దృష్టిలో రెండవ పోగు ఒక్క తీగ ముక్క కాదు. హెచ్చరిక చెప్పేవాడి నోరు నొక్కి, పని జరిగిపోతోందని తృప్తిపడే అలవాటుకి అది గుర్తు. ఈ అలవాటు పొలాల్లోనే ఉందా? నేను చూసిన ఒక హాస్టలులో గదికో హీటరు, ఇస్త్రీపెట్టె. ఫ్యూజు పోయినప్పుడల్లా తీగ లావెక్కుతూ వచ్చింది. చివరకు అక్కడ ఉన్నది ఫ్యూజు తీగ కాదు, మామూలు వైరు ముక్క. అది వేసినవారు నిరక్షరాస్యులు కారు, డిగ్రీ విద్యార్థులు.

"ఇప్పుడు ఎం.సి.బి.లు వచ్చాయి కదా, ఇంకా ఫ్యూజు గోలేమిటి?" అని ఒక మిత్రుడన్నాడు. పట్నం ఇళ్ళలో వచ్చాయి. మా గట్టు మీద ఇంకా కిట్‌కాటే ఉంది. పోనీ, ఎం.సి.బి. వచ్చినచోట మాత్రం మనిషి మారాడా? అది మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది పెట్టించుకున్నవారిని చూశాను. వెనుక వైరు పాతదే. అదీ రెండవ పోగే, పెట్టె మాత్రం కొత్తది.

ఇక మన చదువు మాట. మనం సమాంతర నిరోధాల లెక్కలు వందలు చేశాం. మీటరు బ్రిడ్జి మీద నాలుగు దశాంశ స్థానాలు రాసి మార్కులు తెచ్చుకున్నాం. కాని ఒక్క ఫ్యూజు తీగను కరిగించి చూడమని మనకెవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. గురువులను నిందించడం నా ఉద్దేశం కాదు. ప్రయోగశాల తాళం తీసి ఇచ్చింది గురువుగారే. నా ఫిర్యాదు నా మీద. "చెరిసగం" అని చెప్పిన రాత్రి, "నాకు సరిగా తెలియదు నాన్నా, కనుక్కుని చెబుతాను" అనే మాట నా నోటికి ఎందుకు రాలేదు? తెలియదన్న మాట పరీక్షలో సున్నా తెస్తుంది. ఏళ్ళ తరబడి ఆ సున్నాకి భయపడినవాడికి ఇంట్లో కూడా ఆ మాట రాదు.

అందుచేత మన సంఘం ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, వచ్చే సంవత్సరం నుండి ఫ్యూజు తీగ ప్రయోగాన్ని ప్రాక్టికల్సులో చేర్చమని సైన్సు విభాగాలను మనమే కోరదాం. ఖర్చు బ్యాటరీ చార్జింగు, మూరెడు తీగ. రెండు, ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు పోయినప్పుడు రోడ్లు ఊడ్చి ఫోటోలు తీయించుకోవడంతో సరిపెట్టక, ఎన్ని హార్స్‌పవర్ మోటారుకి ఏ గేజి తీగ వేయాలో, రిలే ఎక్కడ సెట్ చేయాలో పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్క ఒకటి ప్రతి స్టార్టరు పెట్టెకీ అంటిద్దాం. తెలిసిన ఎలక్ట్రీషియను చేత సరిచూపించాకే సుమా, మన సొంత తెలివి మీద కాదు. మూడు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి మాత్రం ఎవరూ పోవద్దని, అది శాఖ వారి పని అని, ఆ పనికి శాఖ వారు సకాలంలో రావాలని పల్లెల తరఫున మనం అడుగుదాం. పోవద్దని చెప్పి, రమ్మని అడగకపోతే అది సగం న్యాయమే అవుతుంది.

ఈ వేసవిలో ఇంటికి వెళ్ళినప్పుడు స్టార్టరుకి కొత్త రిలే వేయించాం. ఫీజుకి లెక్క ప్రకారం ఒకే తీగ, తగిన గేజిది. ఒక ఫేజు లేకపోతే మోటారుని ఎత్తుకోనివ్వని పరికరం కూడా పెట్టించాం. ఓల్టేజీ మాత్రం ఇంకా తక్కువగానే ఉంది. అర్జీ పెట్టాం, చూడాలి.

పని అయ్యాక గట్టు మీద కూర్చుని, ఆ రాత్రి నేను చెప్పింది తప్పని, ఎందుకు తప్పో నాన్నకి మొదటినుండీ చెప్పాను. ఎడ్ల పోలిక చెప్పేసరికి నవ్వాడు. "ఇది ఆరోజే చెప్పుంటే నాకే తెలిసేదిగదరా. ఎడ్ల సంగతి నాకు తెలవకనా?" అన్నాడు.

మిత్రులారా, నేను మూడేళ్ళు చదివి నేర్చుకున్నదాంట్లో సగం మా నాన్నకి ముందే తెలుసు. మిగిలిన సగం ఆయన మాటల్లో చెప్పగలిగిన రోజునే నాకు తెలిసినట్టు లెక్క.